ఆడపిల్ల ధర లెక్క తీసిన గురజాడ

గురజాడ అప్పారావు పేరు చెప్తే మన పిల్లకాయలకు ఏం గుర్తొస్తది? ఆగస్టు పదిహేనున బడిలో పాడిన దేశభక్తి గేయం. తెలుగు వాచకంలో చిన్న బొమ్మ, దాని కింద కవి పరిచయం. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఆ రెండు మార్కులు పడినాయంటే ఆ మనిషి సంగతి అయిపోయినట్టే.

నేను పదో తరగతితో బడి ఆపేసినోణ్ణి. గురజాడను మార్కుల కోసం చదవలేదు. సంఘం పని మీద ఊళ్లు తిరిగే రోజుల్లో బస్సుల్లో, పంచాయతీ ఆఫీసు అరుగుల మీద కూర్చొని కన్యాశుల్కం చదివినా. అందుకేనేమో నాకు ఆయన కవి కంటే ముందు లెక్క తీసిన మనిషిగా కనపడతాడు. ఆడపిల్లను ఎంతకు అమ్ముతున్నారు, ఎన్నేళ్ల పిల్లను అమ్ముతున్నారు, కొనేది ఎవరు, మధ్యలో తినేది ఎవరు, ఇదంతా విడమర్చి నాటకంలో పెట్టినాడు. జనం కడుపుబ్బ నవ్వుకుంటానే తల దించుకునేటట్టు చేసినాడు.

ఈ రోజు ఆయన బతుకు కథ చెప్తా. నాటకం కథ తెలిసినోళ్లు మీలో ఉంటారు. 1955లో వచ్చిన సినిమా చూసినోళ్లూ ఉంటారు. ఎన్టీ రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. కానీ ఆ నాటకం ఎట్టాంటి నేలలో మొలిసిందో తెలిసినోళ్లు తక్కువ. అది తెలిస్తే యర్రగొండపాలెం, పుల్లలచెరువు, దోర్నాల తట్టు ఈ రోజు జరుగుతుండే సంగతులు కూడా కొంచెం అర్థమవుతాయి.

పరాయి ఇంట్లో తిని చదివిన పిల్లోడు

గురజాడ పుట్టింది 1862 సెప్టెంబరు 21న. విశాఖ జిల్లా ఎలమంచిలి దగ్గర ఎస్.రాయవరంలో, తల్లి పుట్టింట్లో. తల్లి కౌసల్యమ్మ, తండ్రి వెంకట రామదాసు. తండ్రి విజయనగరం సంస్థానంలో ఉద్యోగి. చిన్న చదువు చీపురుపల్లిలో సాగింది. తండ్రి పోయినాక పిల్లోడు విజయనగరం చేరినాడు. అక్కడ మహారాజా కాలేజీ ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి ఆ పిల్లోడికి తన ఇంట్లో తిండి పెట్టి, నీడ ఇచ్చినాడు. హాస్టల్లో ఉండి చదివే మన పిల్లలకు ఈ సంగతి చెప్పాలని నాకు ఎప్పుడూ అనిపిస్తది. తెలుగు సాహిత్యంలో ఇంత పెద్ద పేరున్న మనిషి, తండ్రి లేక, ఇంకొకరి ఇంట్లో తిని చదువుకున్నోడే.

అదే కాలంలో మన తట్టు ఎట్టా ఉండిందో చెప్తా. అప్పట్లో మార్కాపురం, కంభం, గిద్దలూరు అంతా కర్నూలు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా కట్టినప్పుడు మనల్ని కర్నూలు నుంచి తెచ్చి ఇందులో కలిపినారు. తర్వాత దానికి ప్రకాశం అని పేరు పెట్టినారు. విశాఖ జిల్లా, కర్నూలు జిల్లా రెండూ మద్రాసు ప్రెసిడెన్సీ కిందవే. పాలించే దొర ఒకడే, చట్టం ఒకటే. గురజాడ పద్నాలుగు పదహారేళ్ల పిల్లోడుగా విజయనగరంలో చదువుకుంటున్నప్పుడు, 1876 నుంచి 1878 దాకా, కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల మీద ధాత కరువు పడింది. గంజి కేంద్రాల కాడ జనం పిట్టల్లా రాలిపోయినారు. ఒక తట్టు రాజుగారి కాలేజీలో ఇంగ్లీషు పద్యాలు, ఇంకో తట్టు ఆకలి చావులు. రెండూ ఒకే కాలం, ఒకే రాజ్యం.

గురజాడ 1882లో మెట్రిక్, 1884లో ఎఫ్.ఏ., 1886లో బి.ఏ. పాసైనాడు. మధ్యలో 1885లో అప్పల నరసమ్మతో పెండ్లి అయింది. బడిపంతులుగా మొదట ఆయన జీతం నెలకు 25 రూపాయలు. తర్వాత అదే మహారాజా కాలేజీలో లెక్చరరు అయినాడు. ఈ 25 రూపాయల లెక్క మనసులో పెట్టుకోండి, మళ్లీ అవసరం పడతది.

కుర్రతనంలో ఆయన రాసింది ఇంగ్లీషులోనే. సారంగధర కథను ఇంగ్లీషు పద్యంగా రాస్తే, కలకత్తాలో పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ అది చూసి శానా మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటానే, సొంత భాషలో రాయమని సలహా ఇచ్చినాడు. పరాయి భాషలో ఎంత బాగా రాసినా నీ జనానికి ఏం ఉపయోగమని ఆ సలహాలో ఉండే ప్రశ్న. బెంగాలీ మనిషి చెప్పిన ఆ మాట తెలుగుకు ఎంత మేలు చేసిందో చూడండి.

రాజుగారి పట్టీ

విజయనగరం రాజు ఆనంద గజపతి. 1879 నుంచి 1897 దాకా గద్దె మీద ఉన్నాడు. చదువన్నా, సంగీతమన్నా, నాటకమన్నా ఇష్టం ఉన్నోడు. మద్రాసు శాసన మండలిలో సభ్యుడు కూడా. కన్యాశుల్కం ఆపడానికి చట్టం తేవాలని ఆయన చూసినాడు, అది సాగలేదు. అయితే ఆ ప్రయత్నంలో ఒక మంచి పని జరిగింది. విశాఖ జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు తీసుకొని పిల్లనిచ్చిన పెండ్లిళ్లు ఎన్ని జరిగినాయో మూడేళ్ల పట్టీ తయారు చేయించినాడు. ఆ లెక్కను గురజాడ తన నాటకం మొదటి అచ్చుకు రాసిన ముందుమాటలో ఎక్కించినాడు.

మూడేళ్లలో లెక్కకు దొరికిన పెండ్లిళ్లు 1,034. ఏడాదికి సుమారు 344. వాటిల్లో ఐదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లోళ్లు 44. మూడేళ్లోళ్లు 36. రెండేళ్లోళ్లు 6. ఏడాది పిల్లలు 3. అన్నీ కూడితే ఐదేళ్లూ అంతకు లోపలోళ్లే 188 మంది. చంకలో ఉండే పిల్లకు 350 నుంచి 400 రూపాయల ధర పలికింది. ఇంకా పుట్టని బిడ్డకు, తల్లి కడుపులో ఉండంగానే బేరం కుదుర్చుకున్న సందర్భాలు కూడా ఉన్నాయని ఆయన రాసినాడు.

ఇది దొరికిన లెక్కే. పిల్లనిచ్చి డబ్బు తీసుకున్నామని నోరు తెరిచి ఒప్పుకునేటోళ్లు ఎంతమంది ఉంటారు? ఊళ్లో సర్వేకు పోయిన అంగన్‌వాడీ టీచరును అడగండి. పిల్ల వయసు ఎంతమ్మా అంటే పెండ్లి ఖాయమైన ఇంట్లో రాత్రికి రాత్రి రెండేళ్లు పెరుగుతాయి. నూట ముప్పై ఏళ్ల కిందట కూడా అట్టాగే ఉండి ఉంటది.

అసలు ఎందుకు అమ్మేవాళ్లు? ఊరికే చెడ్డోళ్లు కాబట్టి అంటే సరిపోదు. అది ఒక చక్రం. కొడుక్కి పిల్లను తేవాలంటే పిల్ల తండ్రికి డబ్బు కట్టాలి. ఆ డబ్బు యాడ నుంచి రావాలి? కూతుర్ని అమ్మితే వస్తది. ఎక్కువ ధర పెట్టేది ఎవరు? ఆస్తి ఉండే ముసలోడు, రెండో పెండ్లోడు, మూడో పెండ్లోడు. వాడు నాలుగేళ్లకు పోతాడు. పిల్లకు ఇంకా ఊహ కూడా రాకముందే ముండమోసిందని పేరు పెడతారు. గుండు, తెల్లచీర, ఒంటిపూట తిండి, శుభానికి ఎదురు రాకూడదు. మళ్లీ పెండ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది, కానీ చేసుకోనిచ్చేది ఎవరు? రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న మొట్టమొదటి వితంతు పెండ్లి చేయిస్తే ఊరంతా ఆయన మీదకు లేచింది. వెలి వేసినారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇది అగ్రహారాల గొడవ, మనకేందని కొంతమంది అంటారు. మన కులాల్లో ఓలి అని ఉండింది. మొగపిల్లోడి తట్టోళ్లు పిల్ల తట్టోళ్లకు ఇచ్చేది. శానా కులాల్లో విడిపోయినాక మారుమనువు కూడా ఉండింది. పొలంలో, ఇంట్లో కష్టం చేసే చేతులు పోతున్నాయని ఇచ్చే సొమ్ము అది. అగ్రహారంలో ఐదేళ్ల పిల్లను అరవై ఏళ్లోడికి ఇచ్చి, వాడు పోతే బతుకంతా చీకటి కొట్లో కూర్చోబెట్టే పద్ధతికీ దీనికీ తేడా ఉంది. ఆ తేడా ఉందని మనం పొంగిపోవాల్సిన పనేం లేదు. ఆ తర్వాత మనోళ్లు పెద్ద కులాల్ని చూసి నేర్చుకున్నది మారుమనువు కాదు, కట్నం.

నవ్విస్తానే నిలదీసిన నాటకం

కన్యాశుల్కం మొదటిసారి విజయనగరంలో ఆడింది 1892లో. పుస్తకంగా అచ్చయింది 1897లో. ఆనంద గజపతికి అంకితం ఇచ్చినాడు. అదే ఏడాది ఆ రాజు చనిపోయినాడు. మనం ఇప్పుడు చదివేది 1909లో పూర్తిగా తిరగరాసి పెంచిన రెండో కూర్పు. అంటే ఒక నాటకం మీద ఆ మనిషి పదిహేడేళ్లకు పైగా పని చేసినాడు. ఒక పోస్టు పెట్టి పది నిమిషాల్లో లైకులు చూసుకునే మనకు ఇది కొంచెం ఆలోచించుకునే సంగతి.

నాటకమే ఎందుకు? దానికి ఆయన కారణం సూటిగా ఉంది. జనానికి చదివే అలవాటు లేదు. అలవాటు వచ్చిందాకా, వాళ్లకు మంచి చెడ్డ చెప్పాలంటే స్టేజీ తప్ప ఇంకో దారి లేదు. ఇంకో పట్టుదల కూడా ఉంది. వాడుక తెలుగు స్టేజీకి పనికిరాదని పండితులు అనుకునే కాలం. అది తప్పని చేసి చూపించాలనుకున్నాడు.

కథ క్లుప్తంగా చెప్తా. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు. పెద్దకూతురు బుచ్చమ్మను డబ్బు తీసుకొని ముసలోడికి ఇచ్చినాడు, ఆమె విధవైంది. అంత జరిగినా బుద్ధి రాలేదు. చిన్నకూతురు సుబ్బిని రామచంద్రపురం లుబ్ధావధాన్లు అనే ఇంకో ముసలోడికి 1,800 రూపాయలకు మాట్లాడినాడు. తల్లి వెంకమ్మ ఆ బాధ పడలేక నూతిలో దూకింది. మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం కట్టి, వాణ్ణే ఆ ముసలోడికి పెండ్లి చేసి, సుబ్బిని తప్పించినాడు. తర్వాత పెండ్లికూతురు మాయం, హత్య కేసు, పోలీసు, వకీళ్లు, దొంగ సాక్ష్యాలు. మధ్యలో గిరీశం. నాలుగు ఇంగ్లీషు ముక్కలు, నోటి నిండా సంస్కరణ, చేసేది మోసం.

ఇప్పుడు ఆ 25 రూపాయలు గుర్తు తెచ్చుకోండి. సుబ్బి ధర 1,800. చదువుకున్న బడిపంతులు పైసా ఖర్చు పెట్టకుండా ఆరేళ్లు జీతం దాస్తే వచ్చే డబ్బు అది. ఇది తెలిస్తే ఆ తండ్రి ఆశ ఎంతదో, ఆ ముసలోడి కక్కుర్తి ఎంతదో అర్థమవుతది. గురజాడ ఊహించి రాసిన అంకె కాదు, చుట్టూ ఉన్న బజారు చూసి రాసిన అంకె.

అమెరికాలో ఆర్థర్ మిల్లర్ అని నాటకాల రచయిత ఉండేవాడు. 1953లో ది క్రూసిబుల్ అని నాటకం రాసినాడు. 1692లో సేలం అనే ఊళ్లో మంత్రగత్తెలని ముద్రేసి పందొమ్మిది మందిని ఉరి తీసిన కథ అది. ఆయన చెప్పింది పాత కథే, కానీ తగిలింది తన కాలానికి. అప్పుడు అమెరికాలో కమ్యూనిస్టులని ముద్రేసి మనుషుల్ని వేటాడుతున్నారు. సొంతంగా నోరు విప్పితే ప్రమాదం కాబట్టి రెండున్నర శతాబ్దాలు వెనక్కి పోయి చెప్పినాడు. గురజాడ అట్టా వెనక్కి పోలేదు. పురాణం చాటున దాక్కోలేదు. అప్పట్లో తెలుగు స్టేజీ మీద రాజులూ దేవుళ్లే ఎక్కువ. ఆయన మాత్రం తన కులంలో, తన జిల్లాలో, తన కాలంలో జరిగేదాన్నే, అది చేసేటోళ్ల ముందే ఆడించినాడు. సభలో ముందు వరుసలో కూర్చున్నోళ్లలో ఎంతమంది కూతుళ్లను అమ్మినోళ్లో, ఎంతమంది కొన్నోళ్లో ఎవరికి తెలుసు?

ఇంకో సంగతి. ఆ కాలంలో సంస్కర్తలకు రెండు పెద్ద పనులు. ఒకటి వితంతు పెండ్లి, రెండోది భోగం మేళాలు ఆపడం. రెండో పనిలో కొంతమంది ఆ కులం ఆడోళ్లనే దోషులుగా చూసినారు. గురజాడ ఏం చేసినాడు? వేశ్య అయిన మధురవాణిని నాటకం మొత్తానికి తెలివైన మనిషిగా, మాట మీద నిలబడే మనిషిగా పెట్టినాడు. సుబ్బి బయటపడడంలో ఆమె చెయ్యి ఉంది. కేసులో చిక్కుకున్న ముసలోణ్ణి కాపాడింది ఆమె. గిరీశం గుట్టు సౌజన్యారావు పంతులు ముందు బయటపెట్టింది ఆమె. నీతి గురించి ఉపన్యాసాలు చెప్పే ఆ పెద్దమనిషే ఆమె ముందు కొంచెం తడబడతాడు. చివరకు బుచ్చమ్మ గిరీశం చేతిలో పడకుండా పూనాలో వితంతువుల బడికి పోతది. పెండ్లితో కథ ముగించకుండా చదువుతో ముగించినాడు. 1909లో ఆ ముగింపు చిన్న విషయం కాదు.

రాజుగారి కొలువు, జనం మాట

గురజాడను దేవుణ్ణి చేయడం నాకు ఇష్టం లేదు. ఆయన జెండా పట్టుకొని రోడ్డెక్కిన మనిషి కాదు. బతుకంతా సంస్థానం ఉద్యోగమే. ఆనంద గజపతి పోయినాక ఆయన చెల్లెలు రీవా రాణి అప్పలకొండయాంబ దగ్గర కార్యదర్శిగా పని చేసినాడు. సంస్థానం ఆస్తి తగాదాల కాగితాలు చూసుకున్నాడు. ఆయన డైరీలు ఇంగ్లీషులో, ముందుమాటలు ఇంగ్లీషులో. ఆయన తిన్న అన్నం రైతు కట్టిన శిస్తులోంచే వచ్చింది. ఇవన్నీ నిజాలే.

కానీ ఆ కొలువులో కూర్చునే కోర్టుల్ని, వకీళ్లను, దొంగ సాక్షులను, దొంగ కాగితాలను దగ్గర నుంచి చూసినాడు. చూసిందంతా నాటకంలోకి వచ్చింది. కొలువు చేస్తానే కొలువు మెచ్చుకోని సంగతులు రాసినాడు. 1910లో ముత్యాల సరాలు, దిద్దుబాటు కథ వచ్చినాయి. చదువుకున్న మొగుడు రాత్రిళ్లు భోగం మేళాలకు తిరుగుతుంటే, చదువుకున్న పెళ్లాం తెలివితో దారికి తెచ్చే కథ దిద్దుబాటు. ఆధునిక తెలుగు కథకు అది మొదలని చెప్తారు. పూర్ణమ్మ అని ఇంకో పాట కథ ఉంది. ముసలోడికి అమ్ముడుపోయిన చిన్నపిల్ల కథ. నాటకంలో సుబ్బి తప్పించుకుంది, పాటలో పూర్ణమ్మ తప్పించుకోలేదు. నవ్వించిన చేత్తోనే ఏడిపించినాడు. లవణరాజు కల అని ఇంకొకటి రాసినాడు. మాల పిల్లను చేసుకున్న రాజు కథ అది. మనుషుల్లో ఉండేవి మంచి, చెడు అనే రెండు కులాలే అని అందులో తేల్చినాడు.

ఆఖరి ఏళ్లలో ఆయన చేసిన పెద్ద పోరాటం భాష మీద. మీరు ఇప్పుడు చదువుతుండే ఈ పేజీ మన యాసలో ఉందంటే దాని వెనక ఆ పోరాటం ఉంది. అప్పుడు పుస్తకాల్లో తెలుగు వేరు, నోట్లో తెలుగు వేరు. బడిపిల్లోడు పరీక్ష రాయాలన్నా ఎప్పుడో వందల ఏళ్ల నాటి వ్యాకరణంలోనే రాయాలి. ఇంట్లో అమ్మ మాట్లాడే మాట తప్పు కింద లెక్క. గురజాడ, ఆయన చిన్ననాటి స్నేహితుడు గిడుగు రామమూర్తి, బడులు తనిఖీ చేసే యేట్స్ అనే ఇంగ్లీషు దొర, పి.టి. శ్రీనివాస అయ్యంగారు, వీళ్లంతా జనం మాట్లాడే తెలుగే రాయాలని పట్టుబట్టినారు. జయంతి రామయ్య పంతులు లాంటి పండితులు ఎదురు నిలిచినారు. 1911లో గ్రాంథికం తట్టోళ్లు ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టుకున్నారు. మద్రాసు యూనివర్సిటీ సంఘంలో ఎక్కువమంది గ్రాంథికం తట్టే మొగ్గినారు. గురజాడ తల ఊపి ఊరుకోలేదు. 1914లో ఒక్కడే పెద్ద అసమ్మతి పత్రం రాసి ఇచ్చినాడు. ఆరోగ్యం బాగలేదు. గెలవలేనని తెలుసు. అయినా రాసి పెట్టినాడు, తర్వాతోళ్లకు పనికొస్తదని.

ఆ మరుసటేడు, 1915 నవంబరు 30న విజయనగరంలో చనిపోయినాడు. యాభై మూడేళ్లు. యూనివర్సిటీలో ఓడిపోయిన మనిషిగానే పోయినాడు. ఆ తర్వాత గిడుగు ఊరూరు తిరిగి ఆ పని సాగించినాడు. కొండల్లో సవరల భాష కూడా నేర్చుకొని వాళ్లకు వాచకాలు రాసినోడు గిడుగు. నల్లమల్లో చెంచు పిల్లలకు వాళ్ల మాటలో పాఠం చెప్పాలని ఈ రోజు ఎవరైనా అంటే కొత్తగా వింటారు. వందేళ్ల కిందటే చేసి చూపించినోడు ఉన్నాడు. మెల్లగా పేపర్లు, పుస్తకాలు, రేడియో అన్నీ వాడుక భాషకు వచ్చినాయి. ఓడిపోయిన అసమ్మతి పత్రం చివరకు గెలిచింది.

ధర తిరగబడింది, బజారు పోలేదు

కన్యాశుల్కం ఇప్పుడు లేదు. గురజాడ నాటకం ఒక్కటే దాన్ని ఆపిందని నేను చెప్పను. ఇంగ్లీషు చదువు వచ్చింది, సర్కారు కొలువు వచ్చింది. కొలువు ఉండే మొగపిల్లోడికి గిరాకీ పెరిగింది. అంతే, బజారు తిరగబడింది. పిల్ల తండ్రికి ఇచ్చే డబ్బు పోయి పిల్లోడి తండ్రికి ఇచ్చే డబ్బు వచ్చింది. గురజాడ పోయి పదేళ్లు తిరక్కముందే కాళ్లకూరి నారాయణరావు కట్నం మీద వరవిక్రయం అని నాటకం రాయాల్సి వచ్చింది. 1929లో శారదా చట్టం వచ్చింది, పిల్లకు పద్నాలుగేళ్లు నిండాలని. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. 2006లో బాల్యవివాహ నిషేధ చట్టం వచ్చింది, పిల్లకు పద్దెనిమిది, పిల్లోడికి ఇరవై ఒకటి. చట్టాలు వరసగా వచ్చినాయి. పెండ్లిళ్లు ఆగినాయా?

2019 నుంచి 2021 దాకా జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడోళ్లలో నూటికి 29 మందికి పైగా పద్దెనిమిది నిండకముందే పెండ్లి అయినోళ్లు. దేశం మొత్తం మీద ఆ లెక్క 23. అంటే మన రాష్ట్రం దేశం కంటే వెనకబడి ఉంది. ఆనంద గజపతి పట్టీ తర్వాత నూరేళ్లకు పైన వచ్చిన పట్టీ ఇది.

మన తట్టు ఎందుకు జరుగుతుందో నేను చూసినా. నీళ్లు లేవు, బోర్లు ఎండిపోతాయి. మిరపకాయ కోతలకు గుంటూరు తట్టుకో, బిల్డింగు పనులకు హైదరాబాదుకో, బెంగళూరుకో అమ్మానాయనా వలస పోతారు. తొమ్మిదో తరగతి చదివే పిల్లను ఇంట్లో ఒక్కదాన్నే వదిలిపోవాలంటే భయం. హాస్టల్లో సీటు దొరకదు. ఊళ్లో ఎవరన్నా ఒక మాట అంటారేమోనని ఇంకో భయం. మేనరికం సంబంధం రెడీగా ఉంటది, కట్నం కూడా తక్కువ. ఒక ఊళ్లో పదిహేనేళ్ల పిల్ల పెండ్లి ఆపమని మేము పోయినప్పుడు ఆ తండ్రి మమ్మల్ని తిట్టలేదు. రేపు నేను కోతలకు పోతా, నా బిడ్డను నువ్వు కాపలా కాస్తావా అని అడిగినాడు. ఆయన అగ్నిహోత్రావధాన్లు కాదు. పేదోడు. ఆ ప్రశ్నకు జవాబు చట్టంలో లేదు. నీళ్లలో ఉంది, ఊళ్లోనే దొరికే పనిలో ఉంది, ఆడపిల్లల హాస్టల్లో ఉంది, పొద్దుగూకేలోపు ఇంటికి చేర్చే బస్సులో ఉంది. వెలిగొండ నీళ్ల కోసం మనం అడుగుతుండేది పొలానికే కాదు, ఆ పిల్ల బడి కోసం కూడా.

అట్టా అని చట్టాన్ని గాలికి వదిలెయ్యమని కాదు. పెండ్లి కుదిరిందని తెలిస్తే 1098కు ఫోన్ చెయ్యొచ్చు, పేరు చెప్పాల్సిన పని లేదు. అంగన్‌వాడీ టీచరుకు, సచివాలయంలో మహిళా పోలీసుకు చెప్పొచ్చు. అయితే పెండ్లి ఆపినాక ఆ పిల్ల బడికి తిరిగి పోయిందాకా వెంట ఉండాలి. ఆపి ఫోటో దిగి వచ్చేస్తే, మూడు నెలలకు వేరే ఊళ్లో గుళ్లో ఆ పెండ్లి జరిగిపోతది. ఫోటోల కోసం సంస్కరణ చేసేటోణ్ణి గురజాడ ఎప్పుడో రాసి పెట్టినాడు. వాడి పేరు గిరీశం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ చేతుల్లో ఫోన్ ఉంది. గురజాడకు స్టేజీ ఎట్టాంటిదో మీకు ఫోన్ అట్టాంటిది. చదవనోళ్ల కాడికి కూడా పోతది. మన ఊళ్లో కట్నం ఎంత పలుకుతుందో, ఏ చదువుకు ఎంత, ఏ కొలువుకు ఎంత, బైకు ఎంత, బంగారం ఎంత, మీకు బాగా తెలుసు. ఒక పట్టీ రాయండి. పేర్లు వద్దు, ఎవరి పరువూ తీయొద్దు. అంకెలు చాలు. దాన్నొక చిన్న నాటకం చేసి తిరనాళ్లలో ఆడండి, లేకపోతే రీలు చేసి పెట్టండి. మన మాటలోనే చెయ్యండి. ఏంది, యాడ, ఎట్టా అంటే టౌనోళ్లు నవ్వుతారని సిగ్గుపడొద్దు. ఆ మాటలకు అచ్చులో చోటు కావాలని ఒక మనిషి జబ్బు ఒంటితో కూర్చొని యూనివర్సిటీకి పత్రం రాసినాడు.

కన్యాశుల్కం పుస్తకం మీ మండలం లైబ్రరీలో ఉంటది, లేదంటే తెప్పించమని అడగండి. సంక్రాంతి సెలవుల్లో నలుగురు కూర్చొని గొంతెత్తి చదవండి. మొదటి పది పేజీలు ఉత్తరాంధ్ర మాట కొంచెం కొత్తగా ఉంటది, తర్వాత అలవాటైపోతది. నవ్వు దానంతటదే వస్తది. నవ్వు అయిపోయినాక మీ ఊళ్లో ఈ ఏడు పది పాసైన ఆడపిల్లలు ఎంతమంది, వాళ్లలో ఇంటర్‌లో చేరినోళ్లు ఎంతమంది అని ఒక లెక్క తీయండి. చేరని పిల్లల ఇండ్లకు మనం పోవాల.